డిపోలో నిలబడ్డ బండి: తిరిగొచ్చే రాకెట్ల లెక్క

(చెన్నైలో తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే ఆదివారం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల మైకు వినిపిస్తోందా? సరే. ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను శాస్త్రవేత్తను కాను. అంబత్తూరు ఎస్టేట్‌లో నాకొక చిన్న మెషిన్ షాపు ఉంది, మూడు సీఎన్‌సీలు, రెండు పాత లేతులు, పదకొండు మంది మనుషులు. పంపులకి, వాల్వులకి బాడీలు కోస్తాం, ఈ నాలుగైదేళ్లుగా రాకెట్లు కట్టేవాళ్లకి కూడా కొన్ని చిన్న భాగాలు చేసిస్తున్నాం. కాబట్టి ఇది ఇంజిన్ డిజైన్ చేసినవాడి మాట అనుకోకండి, దానికి ముక్క కోసిచ్చినవాడి మాట అనుకోండి. తప్పులు చెబితే పట్టుకోవడానికి తరమణిలో చదువుకునే పిల్లలు ముందు వరసలోనే కూర్చున్నారు.

మాది సూళ్లూరుపేట. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఇక్కడ లోకల్ ఎక్కితే రెండు గంటలు, దిగి తూర్పుకి పులికాట్ నీళ్ల మధ్య రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోట. మా నాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. 1993 సెప్టెంబరులో మొట్టమొదటి పీఎస్‌ఎల్‌వీని వదిలిన రోజు ఇంటిల్లిపాదీ మిద్దె మీదున్నాం, నేను అప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాను. పొద్దున పది దాటాక తూర్పున లేచింది, కాసేపటికి చప్పుడొచ్చి కిటికీ రెక్కలు గడగడమన్నాయి, చప్పట్లు కొట్టాం, కిందికి దిగాం. తర్వాత తెలిసింది, కక్ష్యకు చేరలేదు, బంగాళాఖాతంలో పడిపోయిందని. ఊరంతా దిగాలుపడింది. మా నాయన మాత్రం ఒకటే అడిగాడు. 'సరే, ఇది చెడి సముద్రంలో పడింది. బాగా పోయుంటే యాడ పడేది?' ఉపగ్రహం పైన తిరుగుతుంది నాయనా, రాకెట్ ముక్కలు మాత్రం చాలావరకు సముద్రంలోనే పడతాయి అన్నాను. 'అంటే చెడినా సముద్రంలోకే, బాగున్నా సముద్రంలోకేనా? ఏందిరా ఇది!'

(నవ్వులు)

నవ్వుతారుగానీ, డిపో మెకానిక్‌కి అది నిజంగా అర్థంకాని విషయం. ఒక బస్సును తిరుపతి దాకా నడిపి, జనాన్ని దించి, బస్సును కొండ మీంచి తోసెయ్యడం. ప్రతి ట్రిప్పుకీ కొత్త బస్సు. టికెట్ ఎంత పెట్టాలి అప్పుడు?

ఎందుకు పారేస్తారో ముందు చెబుతాను, ఎందుకంటే ఇది తెలివితక్కువతనం కాదు. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ చూడండి. లోపల గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, సుమారుగా అంతే, పదిహేను పదహారు కిలోలు. ఇప్పుడు అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్ 9 రాకెట్ మొదటి దశను, అంటే లేచేటప్పుడు మండే కింది భాగాన్ని, తీసుకోండి. దాంట్లో నింపే ఇంధనం, ఆక్సిజన్ కలిపి దాదాపు 400 టన్నులు. ఖాళీది పాతిక టన్నుల చుట్టుపక్కల. అంటే మీ ఇంట్లో 14 కిలోల గ్యాస్ పట్టే సిలిండర్‌ని కిలోకన్నా తక్కువ బరువులో చెయ్యమన్నట్టు. పైగా ఆ కిలోలోనే స్టవ్వూ, రెగ్యులేటరూ, ట్యూబూ అన్నీ ఉండాలి. అది పడకూడదు, పగలకూడదు, లీకు కాకూడదు. అంత పల్చగా, అంత కక్కుర్తిగా కట్టినదాన్ని వెనక్కి కూడా తెమ్మంటే, 'అయ్యా, పైకి పోవడమే గగనం' అంటాడు ఇంజినీరు. ఆ మాటకు అసలైన అర్థం అక్కడే. (నవ్వులు)

గగనం ఎందుకయిందంటే, కక్ష్య అంటే ఎత్తు అనుకుంటాం చాలామంది. ఎత్తు చిన్న సంగతి. 400 కిలోమీటర్ల ఎత్తంటే ఇక్కణ్నుంచి బెంగళూరు దాటి కాస్త ముందుకి. కష్టమంతా వేగంలో ఉంది. సెకనుకు 7.8 కిలోమీటర్లు పోవాలి, లేకపోతే మళ్లీ కిందికే. మా సూళ్లూరుపేట లోకల్‌కి రెండు గంటలు పట్టే దూరం పదకొండు సెకన్లలో అయిపోవాలి, అదీ ఏ గుమ్మిడిపూండి దగ్గరా ఆగకుండా. ఆ వేగానికి కావలసిన ఇంధనం, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకా ఇంధనం, దాన్ని మోయడానికి మళ్లీ... రష్యాలో త్సియాల్కోవ్‌స్కీ అనే బడిపంతులు 1903లోనే ఈ లెక్క అచ్చు వేయించాడు. మన పీఎస్‌ఎల్‌వీ లేచేటప్పుడు 320 టన్నులు, ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో దించేది 1,750 కిలోలు. నూటికి అర శాతం కాస్త పైన. మిగతాదంతా కాలిపోయేదీ, పడిపోయేదీ.

మరి ఖర్చు దేంట్లో ఉంది? ఇంధనంలో అనుకుంటారు, పెట్రోలు బంకులో నిలబడే అలవాటు కదా మనకి. స్పేస్‌ఎక్స్ అధిపతి మస్క్ చాలా ఏళ్ల క్రితం చెప్పిన లెక్క ప్రకారం ఫాల్కన్ 9 కట్టడానికి 6 కోట్ల డాలర్లయితే, దాంట్లో పోసే ఇంధనం రెండు లక్షల డాలర్లు. ఒక శాతంలో మూడో వంతు. అంటే ఖర్చంతా బస్సులోనే ఉంది, డీజిల్లో లేదు. మా నాయన లెక్కే కరెక్టు.

ఇక్కడే చాలామంది చటుక్కున ఒక తీర్మానానికి వచ్చేస్తారు, అయితే వెనక్కి తెస్తే చాలు, చవకైపోతుంది అని. అమెరికా వాళ్లు అలాగే అనుకుని స్పేస్ షటిల్ కట్టారు. ఏడాదికి 50 సార్లకు పైనే ఎగురుతుందని 1970ల్లో లెక్కలు వేశారు. 1981లో మొదలై 2011లో ఆగిపోయేదాకా, ముప్పై ఏళ్లలో, అన్ని ఓడలూ కలిపి 135 సార్లు. ఎక్కువ సార్లు ఎగిరిన సంవత్సరం 1985, తొమ్మిది సార్లు. ఒకే ఓడ ఒకసారి లేచి, దిగి, మళ్లీ లేవడానికి మధ్య పట్టిన అతి తక్కువ సమయం 54 రోజులు, అదీ ఒకే ఒక్కసారి. ఎందుకలా అంటే, దాని ఒంటి మీద వేడి తట్టుకోవడానికి అతికించిన పలకలు 24 వేల దాకా ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో ఆకారం, ఎగిరొచ్చిన ప్రతిసారీ మనుషులు వరసగా చూసుకుంటూ పోవాలి. ఇంజిన్లను విప్పి షాపుకు తీసుకుపోవాలి. అంటే బస్సు వెనక్కి వచ్చింది గానీ, వచ్చాక రెండు నెలలు డిపోలో పడుకుంది. మా నాయన డిపోలో ఒక మాట అనేవాడు, 'రోడ్డు మీద బండి సంపాదిస్తుంది, డిపోలో నిలబడ్డ బండి తిండి దండగ' అని. షటిల్‌ని ఆ ఒక్క మాటతో అర్థం చేసుకోవచ్చు.

దాంట్లో ప్రాణాలు కూడా పోయాయి, అది మర్చిపోకూడదు. 2003 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం మనందరం టీవీల ముందున్నాం, కల్పనా చావ్లా దిగుతుందని. లేచేటప్పుడే ట్యాంకు మీంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచుకు తగిలి రంధ్రం పడింది, పదహారు రోజులు అది అలాగే తిరిగింది, కిందికి వచ్చేటప్పుడు వేడి లోపలికి దూరింది. చూసి తీరాల్సిన చోట చూడకపోతే ఏమవుతుందో అది. అందుకే మళ్లీ వాడటం అనగానే నాకు రెక్కలు, పారాచూట్లు గుర్తురావు, ఇన్‌స్పెక్షన్ గుర్తొస్తుంది.

నా షాపు సంగతి ఒకటి చెబుతాను. ఒక ఫిట్టింగు ఉంది, అరచేతిలో పట్టేంత ముక్క. కోయడానికి నలభై నిమిషాలు. దాని కాగితాలకు మూడు రోజులు. ఏ దిమ్మె నుంచి కోశాం, ఆ దిమ్మె ఏ హీట్ నంబరు, అంటే ఏ విడతలో కరిగించి పోసిన లోహం, ఎవరు కొలిచారు, ఏ గేజితో కొలిచారు, ఆ గేజిని ఎప్పుడు సరిచూశారు. ఒకసారి మొత్తం లాట్ వెనక్కి వచ్చింది, ముక్కలన్నీ కొలతలో ఉన్నాయి, ఒక సర్టిఫికెట్‌లో హీట్ నంబరు ఒక అంకె తేడా పడింది, అంతే. ఆ కంపెనీ పేరు చెప్పను, వాళ్లది తప్పు కాదు కూడా, నాకు ఆ వారం నిద్ర పట్టలేదు, అది వేరే విషయం. చెప్పొచ్చేదేంటంటే, ఒక్కసారి వాడే ముక్కకే ఇంత చూస్తే, పదిసార్లు వాడే ముక్కను ప్రతిసారీ ఎంత చూడాలి? ఎంత తక్కువ చూసి నమ్మగలం? చవకదనం మొత్తం ఆ ప్రశ్నలోనే ఇరుక్కుని ఉంది.

స్పేస్‌ఎక్స్ వాళ్లు ఏం చేశారంటే, మొత్తం ఓడను తెచ్చే పని పక్కనపెట్టి, ముందు మొదటి దశను పట్టుకున్నారు. 2015 డిసెంబరులో మొదటిసారి నేల మీద దింపారు, 2016 ఏప్రిల్‌లో సముద్రంలో పడవ మీద, 2017 మార్చిలో ఒకసారి దిగినదాన్ని మళ్లీ ఎగరేశారు. ఇప్పుడు ఒకే బూస్టర్, అంటే ఆ మొదటి దశే, 30 సార్లకు పైగా ఎగిరింది, 2025లో ఒకటి దిగిన తొమ్మిదో రోజున మళ్లీ లేచింది. 54 రోజులకీ తొమ్మిది రోజులకీ ఉన్న తేడా చూడండి, నాకు ఆ దిగే వీడియోల కన్నా ఈ తొమ్మిది అన్న అంకె ఎక్కువ అబ్బురం.

అది సాధ్యమవడానికి ఒక చిన్న కిటుకు ఉంది, ఇంజిన్లు తొమ్మిది పెట్టడం. దిగేటప్పుడు ట్యాంకులు దాదాపు ఖాళీ, బండి తేలిక. ఒకటే పెద్ద ఇంజిన్ ఉంటే ఎంత తగ్గించినా అది మళ్లీ పైకే తోస్తుంది, దిగదు. తొమ్మిదిలో ఒక్కదాన్నే వెలిగిస్తే సరిపోతుంది. మంట తగ్గించాలంటే నాలుగు బర్నర్ల స్టవ్ మీద మూడు ఆపేసినట్టు.

ముందు వరస నుంచి ప్రశ్న: సార్, వెనక్కి రావడానికి ఇంధనం మిగుల్చుకోవాలి కదా, ఆ మేరకు పేలోడ్, అంటే మోసే సరుకు, తగ్గదా?

తగ్గుతుంది బాబూ, మంచి ప్రశ్న. ఫాల్కన్ 9 పారేసే పద్ధతిలో అయితే దిగువ కక్ష్యకు 22.8 టన్నులు మోస్తుందని కంపెనీ చెబుతుంది, పడవ మీద దిగితే 17 టన్నుల పైచిలుకు, వెనక్కి తిరిగి నేల మీదికే రావాలంటే ఇంకా తక్కువ. బస్సులో 50 సీట్లుంటే, తిరుగు ప్రయాణానికి డీజిల్ డబ్బాలు పెట్టుకోవడానికి పది, పదిహేను సీట్లు పీకేసినట్టు. కాబట్టి ఒక్కసారి తిరిగొస్తే లాభం లేదు. ఎన్నిసార్లు తిరిగొస్తే గిట్టుబాటు? దీని మీద 2020లో పెద్దవాళ్లే వాదించుకున్నారు. మస్క్ ఏమన్నాడంటే రెండుసార్లకి పెట్టుబడి సరి, మూడోసారి నుంచి లాభం. అమెరికాలోనే ఇంకో రాకెట్ కంపెనీ యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కి అప్పటి అధిపతి టోరీ బ్రూనో, కాదు, సగటున పదిసార్లు ఎగిరితే గానీ గిట్టదు అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండక్కర్లేదు. వాళ్ల వాళ్ల డిపోలు వేరు, ట్రిప్పులు వేరు.

ఇంకొకటి కూడా. మా నాయన డిపోలో పాత రోజుల్లో కిరోసిన్ పంపు స్టవ్ ఉండేది, టీ కాసుకోవడానికి. మసి పట్టి బొక్క మూసుకుపోయేది, పిన్ను పెట్టి పొడిస్తేగానీ మండేది కాదు. ఫాల్కన్ 9 మండేది కిరోసిన్ జాతి ఇంధనంతోనే, దాంతో మసి ఒక బాధ. కొత్తగా కట్టేవాళ్లు ఎక్కువమంది మీథేన్ వైపు వెళ్లడానికి ఇదొక కారణం. అంటే మన గ్యాస్ స్టవ్ లాగా, గిన్నె అడుగు నల్లబడదు.

సరే, ధర దగ్గరికి వద్దాం. ఖర్చు తగ్గింది. ధర తగ్గిందా? ఇది ఎవరూ గట్టిగా అడగరు. ఫాల్కన్ 9 పూర్తి రాకెట్ బుక్ చేసుకుంటే ఒకప్పుడు 6.2 కోట్ల డాలర్లు అని రాసేవాళ్లు, తర్వాత 6.7 అయింది, తర్వాత 7 కోట్లకు దగ్గరైంది. పెరిగింది! (నవ్వులు) పోటీ లేనప్పుడు ఆటోవాడు మీటరు ఎందుకు వేస్తాడు? ధర నిజంగా పడింది చిన్న ఉపగ్రహాల వాళ్లకి, షేర్ ఆటో వచ్చాక. ఆ సర్వీసుకి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రాన్స్‌పోర్టర్. మొదట్లో 200 కిలోలకు పది లక్షల డాలర్లు అన్నారు, కిలోకి ఐదు వేలు, ఇప్పుడు ఇంకాస్త పెరిగింది. 2021 జనవరిలో మొదటి ట్రిప్పులోనే 143 ఉపగ్రహాలు ఎక్కించారు. అప్పటిదాకా ఆ రికార్డు మనదే, 2017 ఫిబ్రవరిలో మన పీఎస్‌ఎల్‌వీ ఒకేసారి 104 మోసింది, మా ఊళ్లో మిఠాయిలు పంచారు.

షేర్ ఆటోకి ఒక గుణం ఉంది, మీకు తెలుసు. మీ ఇంటి ముందు ఆగదు. అది పోయే రోడ్డు మీద మీరు దిగాలి, అది నిండినప్పుడు బయల్దేరుతుంది. అందుకే చిన్న రాకెట్ల వాళ్లు, ఇక్కడ మన ఐఐటీ మద్రాసులో పుట్టిన అగ్నికుల్ లాంటి వాళ్లు, మేం ఇంటి ముందు దించుతాం అంటున్నారు. 2024 మే 30న శ్రీహరికోటలో వాళ్ల సొంత లాంచ్‌ప్యాడ్ నుంచి పరీక్ష రాకెట్ ఎగరేశారు, ఇంజిన్ మొత్తం ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసింది. అది చూసి నేను గర్వపడాలా భయపడాలా తెలియలేదు, ఎందుకంటే అందులో కోసే పని, వెల్డింగు చేసే పని బాగా తగ్గిపోయినట్టే కదా, నాలాంటివాడికి పనేం మిగులుతుంది!

అయినా లెక్క చూసుకుంటే షేర్ ఆటోవైపే జనం పోతున్నారు, మనవాళ్లు కూడా. బెంగళూరు కంపెనీ పిక్సెల్ మూడు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలు కట్టి పంపింది. ఎక్కడ్నుంచి లేచాయి? 2025 సంక్రాంతి నాటి రాత్రి, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి, ఆ ట్రాన్స్‌పోర్టర్‌లోనే. బెంగళూరు నుంచి శ్రీహరికోటకి లారీలో ఒక్క రాత్రి ప్రయాణం. ఆ డబ్బాలు భూగోళం అవతలి వైపుకి పోయి ఎక్కాయి. నేను వాళ్లని తప్పుపట్టను, నా సరుకైనా లారీ ఎప్పుడు దొరికితే అప్పుడే వేస్తాను. చిన్నవే కాదు, 2024 నవంబరులో మన జీశాట్-ఎన్2, 4,700 కిలోలది, ఫ్లోరిడా నుంచి ఫాల్కన్ 9 మీద పోయింది, ఎందుకంటే ఆ ఉపగ్రహం పోవలసిన ఎత్తైన కక్ష్యకు మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 మోసేది 4 టన్నుల చుట్టూనే.

ఇప్పటిదాకా చెప్పింది సగం బస్సును వెనక్కి తేవడం గురించే. రెండో దశ సంగతి? ఫాల్కన్ రెండో దశను ఇప్పటికీ పారేస్తున్నారు, ప్రతి ట్రిప్పుకీ కొత్తది. పూర్తిగా తిరిగొచ్చే రాకెట్ అంటే అదీ రావాలి. అక్కడ కథ మారిపోతుంది. మొదటి దశ విడిపోయేటప్పుడు వేగం సెకనుకు 2 కిలోమీటర్ల చుట్టుపక్కల. రెండో దశ 7.8. నాలుగు రెట్లే కదా అనిపిస్తుంది, కానీ వేడిగా మారే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి కిలోకి కిలో చూస్తే పదిహేను రెట్లు. పైగా మొదటి దశకు ఓ వంద కిలోలు అదనంగా తగిలిస్తే పేలోడ్‌లో కొద్దిగానే పోతుంది. రెండో దశకు వంద కిలోలు తగిలిస్తే పేలోడ్‌లో వందకి వందా పోతుంది. కవచం బరువు, రెక్కల బరువు, దిగే ఇంధనం బరువు, అన్నీ ప్రయాణికుల సీట్లలోంచే. చిన్న రాకెట్‌కి అయితే ఏమీ మిగలదు. అందుకే పూర్తిగా తిరిగొచ్చేది కట్టాలనుకున్నవాళ్లు పెద్దది కట్టక తప్పలేదు. 1990ల్లో కిస్ట్లర్ అనే అమెరికన్ కంపెనీ రెండు దశలూ తిరిగొచ్చే కే-1 మొదలుపెట్టింది, డబ్బు అయిపోయింది, రాకెట్ ఎగరనేలేదు.

స్పేస్‌ఎక్స్ వాళ్ల కొత్త రాకెట్ స్టార్‌షిప్ అందుకే అంత పెద్దది, 33 ఇంజిన్లు కిందే, 120 మీటర్ల ఎత్తు. నాకు దాంట్లో నచ్చింది ఒక్కటే, స్టీలు. మొదట కార్బన్ ఫైబర్‌తో కట్టాలనుకుని, కిలో 135 డాలర్ల సరుకు మానేసి, కిలో 3 డాలర్ల స్టెయిన్‌లెస్ స్టీలుకు వచ్చారు. మన పాత్రల కొట్లో 304 అని అడుగుతాం చూడండి, దాని చుట్టాలే. అల్యూమినియం కన్నా బరువు, కానీ వేడికి చాలాసేపు లొంగదు, ద్రవ ఆక్సిజన్ చల్లదనంలో ఇంకా గట్టిపడుతుంది, ఎవడైనా వెల్డింగు చేయగలడు, అంటే ఎవడైనా అంటే మా షాపులో కుమార్ లాంటివాడు. (నవ్వులు) 2024 అక్టోబరు 13న దాని మొదటి దశ వెనక్కొచ్చి లాంచ్ టవర్ చేతుల్లో ఒదిగింది, అది మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. 2025 మేలో ఒకసారి ఎగిరిన ఆ పెద్ద దశను మళ్లీ ఎగరేశారు. పైదాని కథ వేరు. దానికీ షటిల్ లాగే పలకలు, దాదాపు 18 వేలు, కాకపోతే ఎక్కువ భాగం ఒకే ఆకారం. అదే 2025లో కొన్ని పైన ముక్కలైపోయాయి, కొన్ని సముద్రం మీద నిలువుగా దిగాయి. ఆ ఏడాది చివరిదాకా చూస్తే పైదాన్ని పట్టుకుని, తుడిచి, మళ్లీ ఎగరేయడం జరగలేదు. షటిల్‌ను ముంచిన ప్రశ్నే వాళ్ల ముందూ ఉంది, పలకలు చూడటానికి ఎన్ని రోజులు?

ఒక పెద్దాయన: మన ఇస్రో ఏం చేస్తోందయ్యా? ఆ లెక్క చెప్పు.

చెబుతానండీ. మనకు ఒక చిక్కు పుట్టుకతోనే వచ్చింది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో 138 టన్నుల ఘన ఇంధనం. అది చిచ్చుబుడ్డి. వెలిగించాక ఆపలేం, తగ్గించలేం, మళ్లీ వెలిగించలేం. చవక, నమ్మకం, మనకి అన్నం పెట్టింది అదే, కానీ దాన్ని దించడం కుదరదు. కాబట్టి కొత్త రాకెట్ కావాల్సిందే. 2024 సెప్టెంబరులో కేంద్రం ఒప్పుకున్న ఎన్‌జీఎల్‌వీ అదే, 8,240 కోట్లు, దిగువ కక్ష్యకు 30 టన్నులు, మొదటి దశ తిరిగొస్తుంది, మీథేన్‌తో నడిచేది, ఎనిమిదేళ్లలో. ఎల్‌వీఎం3 కన్నా మూడు రెట్లు మోస్తుంది, ఖర్చు ఒకటిన్నర రెట్లే అని చెప్పారు. ఇంకో పక్క రెక్కల దారి. పుష్పక్ అనే రెక్కల నమూనా ఓడను చినూక్ హెలికాప్టర్‌తో పైకి తీసుకుపోయి చిత్రదుర్గ దగ్గర వదిలారు, 2023 ఏప్రిల్, 2024 మార్చి, 2024 జూన్, మూడుసార్లూ దానంతట అదే రన్‌వే మీద దిగింది, చివరిసారి గంటకు 320 కిలోమీటర్లు దాటిన వేగంతో. బెంగళూరులో ఈథీరియల్‌ఎక్స్ అని ఇస్రో నుంచి వచ్చినవాళ్లు పెట్టిన కంపెనీ ఉంది, రెండు దశలూ తిరిగొచ్చేదే కడతామని కూర్చున్నారు. ధైర్యవంతులు.

కానీ నాకున్న అనుమానం మన ఇంజినీర్ల మీద కాదు. 2024లో మన దేశం నుంచి కక్ష్యకు పోయిన రాకెట్లు ఐదు. అదే ఏడాది ఫాల్కన్లు 130 పైచిలుకు. ఆ 130లో మూడింట రెండు వంతులు ఎవరి సరుకు? వాళ్లదే, స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాలు. అంటే బస్సు ఓనరే ప్రయాణికుల్ని కూడా తయారు చేసుకున్నాడు! బయటి సరుకు కోసం చూస్తూ కూర్చుంటే ఆ తొమ్మిది రోజుల అవసరమే వచ్చేది కాదు. 2018లో యూరప్ రాకెట్ కంపెనీ ఏరియాన్‌గ్రూప్‌కి అప్పటి అధిపతి అలాన్ షార్మో ఇదే మొత్తుకున్నాడు, మాకు ఏడాదికి పది ప్రయోగాలే ఖాయంగా ఉండి, పదిసార్లు వాడే రాకెట్ ఉంటే, ఫ్యాక్టరీలో ఏడాదికి ఒక్క రాకెట్ కడతాం, దాంట్లో అర్థమేముంది అని. అప్పుడు అందరూ నవ్వారు, ముసలి కంపెనీ ఏడుపు అన్నారు. నేను నవ్వలేదు. మా ఎస్టేట్‌లో ఏడాదికి ఒక్క ఆర్డరొస్తే ఎవడు మిగులుతాడు? టర్నరు పోతాడు, వెల్డరు పోతాడు, మళ్లీ కావాలంటే దొరకరు.

ఐదు ట్రిప్పుల దేశం పదిసార్లు వాడే రాకెట్ కడితే ఏడాదికి అర రాకెట్. కాబట్టి ముందు సరుకు కావాలి. బ్రిటన్ ఇంటర్నెట్ ఉపగ్రహాల కంపెనీ వన్‌వెబ్ వాళ్లు 2022, 2023ల్లో రెండు ఎల్‌వీఎం3లు బుక్ చేసుకుని 72 ఉపగ్రహాలు పంపారంటే, ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా రాకెట్లు చేజారాయి కాబట్టి. అది అదృష్టం, రోజూ రాదు. మన సొంత ఉపగ్రహాలు, పొలాలు చూసేవి, తుపాన్లు చూసేవి, మత్స్యకారులకు సిగ్నల్ ఇచ్చేవి, పదుల్లో కాదు, వందల్లో కట్టాలి, అవి మన లారీ ఎక్కాలి. రాకెట్‌కి 8 వేల కోట్లు ఇచ్చేవాళ్లు సరుక్కి ఎంత ఇస్తున్నారో కూడా అడగండి. నేను అడిగేది ఇంతే.

వెనక నుంచి ఒక అమ్మాయి: అంకుల్, మీరు చెప్పిన షార్మోగారి మాట మీకూ వర్తిస్తుంది కదా? రాకెట్లు తిరిగొస్తే మీకు ఆర్డర్లు తగ్గుతాయి. మరి మీకు రావాలని ఉందా, వద్దని ఉందా?

(నవ్వులు, చప్పట్లు)

అబ్బ, ఇది అడుగుతారని భయపడుతూనే ఉన్నానమ్మా. నిజం చెబుతాను. పోయిన నెల ఒక ఎంక్వయిరీ వచ్చింది, పేరు చెప్పకూడదు. వాల్వు బాడీ. అలాంటివి ఇదివరకు వంద చేసిచ్చాం, రేటు నోటికొచ్చు. ఈసారి డ్రాయింగు అడుగున కొత్తగా ఒక లైను ఉంది, యాభైసార్లు చల్లబరిచి, వేడెక్కించి, ఒత్తిడి పెట్టి చూశాక కూడా కొలత మారకూడదని. కావలసింది వంద కాదు, ఆరు. మా కుమార్‌ని పిలిచి చూపించాను, 'అన్నా, ఆరా?' అన్నాడు, తర్వాత ఆ లైను చదివి, 'యాభైసార్లా?' అన్నాడు. రెండు వారాలయింది, ఆ ఆరింటికి ఎంత రేటు వెయ్యాలో ఇద్దరికీ తేలలేదు. రేపు సోమవారం కొటేషన్ ఇవ్వాలి. మీలో ఎవరికైనా తెలిస్తే టీ దగ్గర చెప్పండి.